లెక్క అడిగితే చెప్పాలి

నర్సీపట్నంలో ఒక షావుకారు ఉండేవాడు. చింతపల్లి, కొయ్యూరు కొండల నుంచి దిగే చింతపండు, పసుపు, మిరియాలు, జీడిపిక్కలు పెదబొడ్డేపల్లి వైపున్న అతని గోదాములో కాటాకెక్కేవి. మంచివాడే. తూకంలో మోసం ఎరగడు. అయితే లెక్క మాత్రం అతని దగ్గరే ఉండేది. తనకెంత రావాలో తెలియాలంటే కొండ మీది మనిషి ఆ పూట పని మానుకుని, లంబసింగి ఘాట్ దిగే బస్సెక్కి వచ్చి, గోదాము అరుగు మీద కూర్చుని, గుమస్తా తల ఎత్తేదాకా ఆగాలి.

ఆ గుమస్తా పాతకాలం మనిషి. కాటా దగ్గర పలికిన అంకె ముందు చిట్టాలో పడాలన్నది ఆయన పట్టు. పొద్దుగూకాక చిట్టా ముందేసుకుని, ఒక్కో పద్దునీ ఆవర్జాలో ఆ రైతు పేరున్న పుటలోకి ఎక్కించేవాడు. చిట్టాలో సిరా ఆరకుండా బస్తా కదలనిచ్చేవాడు కాదు. కదిలే ముందు బస్తా మీద నల్లరంగుతో పేరు రాయించేవాడు. "పేరు లేని బస్తా ఎవరిదైనా అవుతుంది, ఎవరిదీ కాకుండానూ పోతుంది" అనేవాడు.

షావుకారు మేనల్లుడికి విశాఖపట్నంలో కంప్యూటర్ ఉద్యోగం. సంక్రాంతికి ఊరొచ్చినవాడు, అరుగు మీద ముసలివాళ్లు పొద్దున్నుంచి పడిగాపులు కాయడం చూశాడు. కుర్రవాడి మనసు మంచిది. "మావయ్యా, వీళ్లిలా దిగి రానక్కర్లేదు. వాళ్ల ఊళ్లోనే ఫోన్లో అడిగితే లెక్క తెలిసేలా చేస్తాను" అన్నాడు.

అన్నట్టే ఒక్క సాయంత్రంలో చేశాడు. గోదాము గదిలో ఊరికే పడున్న కంప్యూటర్‌లో లినక్స్ ఎక్కించి, డాకర్ పెట్టి, రెండు కంటెయినర్లు నడిపించాడు. ఒకదాంట్లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. రెండోదాంట్లో ఏపీఐ సర్వర్. బయటి నుంచి వచ్చిన ప్రశ్నని ఏపీఐ అందుకుని, డేటాబేస్‌ని అడిగి, జవాబు తిరిగి పంపుతుంది. రెంటినీ కలిపి నడిపే కంపోజ్ ఫైలు ఇరవై వరసలకి మించలేదు. మొదలవగానే ఖాళీ పట్టికలు తనంతట తానే కట్టుకునేలా ఏపీఐకి నేర్పాడు. ప్రతి రాత్రీ బ్యాకప్ తీసేలా కూడా రాశాడు. ఆ బ్యాకప్ ఫైలు పడేది డేటాబేస్ ఉన్న కంటెయినర్‌లోనే.

గుమస్తా వచ్చి పక్కన నిలబడ్డాడు.

"బాబూ, రైతు లెక్క ఇందులో ఎక్కడుంటది?"

"కంటెయినర్లో తాతా."

"అది ఎక్కడుంటది?"

"ఈ కంప్యూటర్లోనే. అదొక డబ్బా అనుకోండి. పాడైతే తీసేసి ఇంకోటి పెట్టుకోవచ్చు. అదే దాని సుఖం."

"తీసేస్తే లోపలి లెక్క ఏటవుద్ది?"

కుర్రవాడు ఆ ప్రశ్న విన్నాడు గాని ఆగలేదు. అప్పటికే ఫోన్లో మొదటి జవాబు వచ్చింది. షావుకారు పేరుతో అడిగితే మొన్నటి పసుపు తూకం కిలోలతో సహా తెర మీద పడింది. అందరూ గుమిగూడారు. రెండో రోజు కుర్రవాడు ఉద్యోగానికి వెళ్లిపోయాడు.

చింతపండు దిగే రోజులొచ్చాయి. కొయ్యూరు వైపు ఒక కూడలిలో షావుకారు చిన్న కాటా పెట్టించి, దాని దగ్గర ఫోన్‌తో ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టాడు. తూకం అక్కడే, నమోదు అక్కడే. ఆ తూకాలు గుమస్తా చిట్టా దాకా రావు. ఫోన్‌కి అంతా తెలుసు కదాని ఆ బస్తాల మీద పేర్లు రాయడమూ మానేశారు.

ఆ కూడలికి పైన, కొండవాలు పల్లెలో ఒకామె ఉండేది. మిరియాలు, చింతపండు అమ్ముతుంది. అక్షరం రాదు. కూతురు ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి పూర్తి చేసి ఇంట్లో ఉంది. రాత్రి అన్నాలయ్యాక తల్లీ కూతురూ సిగ్నల్ అందే బండ దగ్గరికి నడిచి వెళ్లేవారు. కూతురు అడిగేది, జవాబు చదివి వినిపించేది: మిరియాలు 18 కిలోలు, చింతపండు 96 కిలోలు, ఇచ్చిన అడ్వాన్సు ఇంత, రావలసింది ఇంత. తూకం వేయని రోజు కూడా ఆమె అడిగించేది. నిన్నటి అంకే మళ్లీ వచ్చేది. అదే ఆమెకి కావాలి. తన తల్లి గాని, తల్లికి తల్లి గాని, షావుకారు మొహం చూడకుండా తన లెక్క తాను విన్న రోజు లేదు. కూతురు ఒక పాత నోటుపుస్తకం చివరి పేజీల్లో తేదీ వేసి ఆ అంకెలు రాసిపెట్టేది. ఎందుకని ఎవరూ అడగలేదు. బడి అలవాటు.

మే నెలలో ఒక మధ్యాహ్నం గాలివానకి కరెంటు పోయి, మూడు గంటలకి వచ్చింది. కంప్యూటర్ లేచింది గాని కంటెయినర్లు లేవలేదు. కరెంటు వస్తే మళ్లీ మొదలవ్వాలని ఫైల్లో రాసి లేదు. గోదాములో ఉన్న కుర్రాడు విశాఖపట్నానికి ఫోన్ చేశాడు. మేనల్లుడు మీటింగ్‌లో ఉన్నాడు. "మొత్తం ఒకసారి దించేసి మళ్లీ ఎక్కించు" అని రెండు కమాండ్లు పంపాడు. కుర్రాడు అలాగే చేశాడు. పాత కంటెయినర్లు పోయాయి, కొత్తవి వచ్చాయి. సర్వర్ చక్కగా పలికింది.

ఎవరి పేరుతో అడిగినా సున్నా అంది.

తప్పు జరిగిందని అనలేదు. ఎర్ర అక్షరాలేవీ రాలేదు. కొత్త డేటాబేస్‌లో ఏపీఐ కొత్త పట్టికలు కట్టుకుంది. అవి ఖాళీగా ఉన్నాయి కాబట్టి మీకు రావలసింది ఏమీ లేదని మర్యాదగా జవాబిచ్చింది.

నిజానికి లెక్క అప్పటికి పోలేదు. పోస్ట్‌గ్రెస్ ఇమేజ్, అంటే కంటెయినర్ తయారయ్యే అచ్చు, తనంతట తానే డేటాని కంటెయినర్‌కి బయట వాల్యూమ్ అనే విడి చోట పెట్టుకుంటుంది. మనం ఆ వాల్యూమ్‌కి పేరు పెట్టకపోతే డాకర్ అరవై నాలుగు అక్షరాల అర్థం లేని పేరొకటి తగిలిస్తుంది. కంటెయినర్‌ని తీసేసినా ఆ వాల్యూమ్ డిస్కు మీద అలాగే ఉంటుంది. కొత్త కంటెయినర్‌కి మాత్రం దాని ఊసు తెలియదు, ఇంకో కొత్త వాల్యూమ్ తెచ్చుకుంటుంది. షావుకారు రైతులందరి లెక్కా ఆ సాయంత్రం అలా పేరు లేకుండా పడి ఉంది. ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తే పావుగంటలో దొరికేది.

అయితే డిస్కు నిండుతోందని తెర మీద హెచ్చరిక కనబడింది. కుర్రాడు ఆదుర్దాపడి, వాడుకలో లేని వాల్యూమ్‌లన్నీ తుడిచేసే కమాండ్ ఎక్కడో చూసి కొట్టాడు. చాలా చోటు ఖాళీ అయిందని సంతోషించాడు. రాత్రి బస్సు దిగి మేనల్లుడు వచ్చేసరికి చెయ్యడానికేమీ మిగల్లేదు.

మూడో రోజున కొండ మీది వాళ్లు దిగారు. అరుగు మళ్లీ నిండిపోయింది.

షావుకారు ఎవరి మొహమూ చూడలేకపోయాడు. మొదట ఆ తల్లీ కూతురూ లోపలికి వచ్చారు. కూతురు నోటుపుస్తకం తిరగేసి గుమస్తా ముందు పెట్టింది. ఫిబ్రవరి నుంచి సర్వర్ చెప్పిన ప్రతి జవాబూ అందులో ఉంది. గుమస్తా కళ్లజోడు సర్దుకుని ఒక్కో వరసా వేలితో చూసుకుంటూ కొత్త చిట్టాలోకి ఎక్కించాడు. తరవాత వచ్చినవాళ్లలో కొందరి ఫోన్లలో జవాబులు అలాగే ఉన్నాయి. వాటినీ రాసుకున్నారు. పగలంతా అదే పని.

చివరికి ఏడుగురు మిగిలారు. ఏనాడూ అడగనివాళ్లు. ఫోన్ లేనివాళ్లు కొందరు, అడగడానికి మొహమాటపడ్డవాళ్లు కొందరు. వాళ్లలో అందరికన్నా పెద్దాయన్ని గుమస్తా "మీవి ఎన్ని బస్తాలు తాతా?" అని అడిగాడు. ఆయన చేతులు కట్టుకుని అన్నాడు:

"తమరెంతంటే అంతే బాబూ."

గుమస్తా కలం పక్కన పెట్టేశాడు. నలభై ఏళ్లుగా ఆ మాట వినకూడదనే ఆయన చిట్టా రాశాడు.

ఆ రాత్రి షావుకారు, గుమస్తా, మేనల్లుడు ముగ్గురూ గోదాములోకి వెళ్లారు. ఆ కూడలి నుంచి వచ్చిన సరుకంతా మళ్లీ కాటాకెక్కించారు. అప్పటికే అమ్మేసినదాని తూకం లారీ బిల్లుల్లో ఉంది. మొత్తం లోంచి లెక్క తేలినవాళ్ల కిలోలు తీసేస్తే మిగిలింది ఆ ఏడుగురిదీ. ఎవరివి ఎన్ని బస్తాలు ఎక్కించాడో లారీ డ్రైవరు గుర్తుచేసుకుని చెప్పాడు. ఆ ప్రకారం పంచారు. అనుమానం ఉన్నచోటల్లా షావుకారు రైతు వైపుకే మొగ్గాడు. ఆ ఏడాది కమీషన్‌లో పెద్ద వాటా అందులోనే పోయింది. అయినా ఆ ఏడుగురికీ తమకి వచ్చింది సరైనదో కాదో ఎన్నటికీ తెలియదు.

మేనల్లుడు పదిరోజులు సెలవు పెట్టి గుమస్తా పక్కన కూర్చున్నాడు. ఈసారి ఫైలు ముసలాయన ప్రశ్నల మీద తయారైంది. లెక్క ఎక్కడుంటది అంటే, వాల్యూమ్‌కి తెలిసే పేరు పెట్టి, కంటెయినర్ పోయినా అది ఉండేలా విడిగా రాశాడు. రేపు నువ్వు తెచ్చే డబ్బా ఇవాళ్టి లాంటిదేనా అంటే, పోస్ట్‌గ్రెస్ అని ఊరికే రాసిన చోట వెర్షన్ నంబరు చేర్చాడు. ఈ లెక్కలు ఊరందరూ చూడొచ్చా అంటే, బయటికి తెరిచి ఉన్న డేటాబేస్ పోర్ట్ మూసేశాడు. కంపోజ్‌లో రెండు కంటెయినర్లూ లోపలి నెట్‌వర్క్ మీద ఒకదాన్నొకటి పేరుతో పిలుచుకుంటాయి, బయటికి ఏపీఐ ఒక్కటి కనబడితే చాలు. అడగడానికి వచ్చినవాడు అంకె దిద్దగలడా అంటే, క్వెరీలకి చదివే హక్కు మాత్రమే ఉన్న యూజర్‌ని వేరే చేశాడు. డేటాబేస్ సిద్ధమయ్యిందని తేలాకే ఏపీఐ మొదలయ్యేలా హెల్త్‌చెక్ పెట్టాడు. కరెంటు వస్తే రెండూ వాటంతటవే లేచేలా రీస్టార్ట్ వరస రాశాడు.

గుమస్తా ఇంకొకటి అడిగాడు. "ఖాళీగా ఉంటే లేదని చెప్తందే, తెలీదని ఎందుకు చెప్పదు?" కుర్రవాడు ఆ రోజంతా దాని మీదే కూర్చున్నాడు. పట్టికలు కట్టే పనిని ఏపీఐ నుంచి తీసేసి, మనిషి దగ్గరుండి చేసే వేరే పనిగా పెట్టాడు. నిన్న వందల మంది ఉన్న రైతుల జాబితా ఇవాళ ఖాళీగా కనబడితే సర్వర్ సున్నా చెప్పకుండా, లెక్క అందడం లేదు, గోదాముకి ఫోన్ చెయ్యండి అని చెప్పేలా మార్చాడు.

కొండకాటా దగ్గర మళ్లీ చీటీ పుస్తకం పెట్టారు. బస్తాల మీద పేర్లు రాయడం మొదలైంది.

నీతి

కథ కల్పించిందే. అందులోని పొరపాట్లు మాత్రం రోజూ ఎక్కడో ఒకచోట జరుగుతున్నవి. ఎదుటివాడి లెక్క తన దగ్గర పెట్టుకున్నవాడు ముందు దాన్ని కాపాడాలి, జవాబు చెప్పడం ఆ తరవాత. అదే ఈ కథకి నీతి. సర్వర్ ఒక్క సాయంత్రంలో లేస్తుంది. దాన్ని నడపడం అంటే కొన్ని వందల మంది పద్దులకి ఏళ్ల తరబడి పూచీ పడటం.

మన్యంలో ఈ మాటకి బరువెక్కువ. కొండ మనిషి లెక్క షావుకారు పుస్తకంలోనే ఉండటం వల్ల ఎన్ని భూములు చేతులు మారాయో చరిత్రలో ఉంది. వడ్డీకీ భూమి బదిలీకీ కళ్లెం వెయ్యడానికి మద్రాసు ప్రభుత్వం 1917లోనే ఏజెన్సీ చట్టం తేవలసి వచ్చింది. గిరిజనుల సరుకు నేరుగా కొనడానికి 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పుట్టింది. అడిగితే లెక్క చెప్పే యంత్రం ఆ దారిలోనే ఇంకో అడుగు కాగలదు. కాని ఖాళీ డేటాబేస్ చెప్పిన సున్నాని కొండ మీది మనిషి ఎవరి దగ్గర కాదనగలడు? పాతకాలంలో షావుకారు మొహం చూసైనా వాదించేవాడు. అందుకే ఇలాంటి సర్వర్‌కి జాగ్రత్త మామూలుకన్నా ఎక్కువ కావాలంటాను.

కంటెయినర్‌ని తప్పుపట్టనక్కర్లేదు. 2013లో డాకర్ జనంలోకి వచ్చినప్పటి నుంచి దాని గుణం అదే: ఎప్పుడైనా తీసేసి, అచ్చంగా అలాంటిదే మళ్లీ పెట్టుకోవచ్చు. విశాఖపట్నంలో నడిచింది నర్సీపట్నంలోనూ నడుస్తుంది. ఏపీఐకి అది వరం. డేటాబేస్‌కి కూడా వరమే, దాని ఫైళ్లు కంటెయినర్‌కి బయట, పేరున్న చోట ఉన్నంతకాలం. ఇక్కడ వెర్షన్ సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. పోస్ట్‌గ్రెస్ పెద్ద వెర్షన్ మారితే పాత ఫైళ్లు కొత్తదానికి నేరుగా తెరుచుకోవు. పైగా 2025 సెప్టెంబరులో పోస్ట్‌గ్రెస్ 18 వచ్చినప్పుడు డాకర్ ఇమేజ్‌లో డేటా ఉండే చోటే మారింది. 17కి రాసుకున్న వాల్యూమ్ వరసని అలాగే ఉంచి నంబరు ఒక్కటీ మార్చితే కుదరదు. నంబరు రాయనివాడికి ఆ మార్పు తనకి తెలియకుండానే వచ్చి మీద పడుతుంది.

గుమస్తా పద్ధతి పోస్ట్‌గ్రెస్‌కీ తెలుసు. కొత్త పద్దు రాగానే అది ముందు వాల్ అనే చిట్టాలో రాసుకుంటుంది. అది డిస్కు మీద పడ్డాకే సరే అంటుంది. పట్టికల ఆవర్జాలోకి ఎక్కించడం తరవాత తీరిగ్గా చేసుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే, లేచిన వెంటనే ఆ చిట్టా చదువుకుంటూ మిగిలింది పూర్తి చేసుకుంటుంది. అందుకే గాలివానకి కరెంటు పోయినా షావుకారు లెక్క చెడలేదు. చెడింది ఆ తరవాత మనుషులు చేసిన పనులవల్ల.

పెద్ద సంస్థలకీ ఇది తప్పలేదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు రాత్రి పొద్దుపోయేదాకా పనిచేస్తూ, రెండో సర్వర్ అనుకుని అసలు సర్వర్ మీదే పోస్ట్‌గ్రెస్ డేటా డైరెక్టరీని తుడిచేశాడు. తప్పు తెలిసి ఆపేసరికి దాదాపు 300 గిగాబైట్లలో నాలుగున్నర మిగిలింది. బ్యాకప్‌లు ఉన్నాయనే అందరూ అనుకున్నారు. తీరా చూస్తే, బ్యాకప్ తీసే పనిముట్టు 9.2 వెర్షన్‌ది, డేటాబేస్ 9.6ది. రెంటికీ పొసగక ఆ బ్యాకప్ కొంతకాలంగా విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. ఆరు గంటల ముందు వేరే పనికోసం చేత్తో తీసిన నకలు ఒకటి ఉండబట్టి గట్టెక్కారు. జరిగినదంతా దాచకుండా లోకానికి రాసి చెప్పారు. ఆ నిజాయితీకి నేను చేతులెత్తి మొక్కుతాను. తెరిచి ఉంచిన పోర్ట్ సంగతికొస్తే, అదే నెలలో ఇంకో దెబ్బ: పాస్‌వర్డ్ లేకుండా ఇంటర్నెట్‌కి తెరిచి ఉంచిన వేలాది మాంగోడీబీ డేటాబేస్‌లని దుండగులు తుడిచేసి, డబ్బు కడితే ఇస్తామని చీటీలు వదిలారు. డాకర్‌లో పోర్ట్ తెరిస్తే డాకర్ ఫైర్‌వాల్ నియమాలు తానే రాసుకుంటుంది. లినక్స్‌లో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ పెట్టి ఆ పోర్ట్ మూశానని ధీమాగా ఉన్నా అది తెరిచే ఉంటుంది. చాలామందికి ఇది దెబ్బ తగిలేదాకా తెలియదు.

నకలు ఎక్కడ ఉంచాలన్నదానికి ఈ తీరంలో ఉన్నవాళ్లకి వేరే పాఠం అక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. నర్సీపట్నంలో అసలు, విశాఖపట్నంలో నకలు పెట్టుకుంటే ఒక్క తుఫాను రెంటినీ ఒకేసారి అందకుండా చేస్తుంది. మూడోది తీరానికి దూరంగా, హైదరాబాదులోనో ఇంకెక్కడో ఉండాలి. తీసిన నకలు తెరుచుకుంటుందో లేదో చూడాలి కూడా. తెరిచి చూడని బ్యాకప్ ఉందని చెప్పుకోవడానికే పనికొస్తుంది.

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మన మిత్ర పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు మొదలుపెట్టింది. మనిషి తన ఊళ్లో కూర్చుని ఫోన్లో అడిగి జవాబు అందుకోవడం ఇక ఆగేది కాదు, ఆగకూడదు కూడా. సహకార సంఘాలు, మిల్లులు, గోదాములు, పాల కేంద్రాలు రేపో మాపో తమ తమ చిన్న సర్వర్లు పెట్టుకుంటాయి. వాటిని కట్టేది చాలాచోట్ల నర్సీపట్నం లాంటి ఊళ్లలో చదివిన కుర్రాళ్లే. వాళ్లకి నేను చెప్పేది, జవాబు ఇవ్వడంతో ఆగకుండా ఆ జవాబు అడిగినవాడి చేతిలో మిగిలేలా చెయ్యమని. ప్రతి తూకానికీ రైతు ఫోన్‌కి ఒక సందేశం వెళ్లాలి, ఫోన్ లేనివాడికి చీటీ అందాలి. ఆ పదో తరగతి పిల్ల నోటుపుస్తకంలో మిగిలిన లెక్క ఏ డిస్కు మీదా మిగల్లేదు.

చింతపండు ఫిబ్రవరిలో దిగుతుంది. జనవరిలోనే ఒక రోజు కేటాయించుకుని, బ్యాకప్‌ని వేరే కంప్యూటర్‌లో ఖాళీ పోస్ట్‌గ్రెస్‌లోకి ఎక్కించండి. ఏపీఐని దానికి తగిలించి, కొండ మీది పదిమంది రైతుల పేర్లతో అడగండి. వాళ్ల దగ్గరున్న చీటీలు తెప్పించి, వచ్చిన జవాబుతో కిలో కిలో సరిచూడండి. ఎంతసేపు పట్టిందో గోడ మీద రాసిపెట్టండి. నిజంగా పోయిన రోజున అరుగు మీద కూర్చున్నవాళ్లకి ఎప్పటికి చెప్పగలరో అప్పుడు తెలుస్తుంది.